కాళ్ళు బిగుస్తుంటే నడుముకి స్కాన్ ఎందుకు?

"చెప్పు జారిపోతోందా? జారినప్పుడు తెలుస్తోందా, తెలియట్లేదా?"

నడకలో తేడా వచ్చిందని వెళ్ళిన మనిషిని మంచి నరాల డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. హవాయి చెప్పు కాలికి అంటిపెట్టుకుని ఉండాలంటే బొటనవేలూ పక్క వేలూ మనకు తెలియకుండానే దాన్ని పట్టుకుని ఉండాలి. చెప్పు జారింది, జారినట్టు తెలిసింది అంటే వేళ్ళలో బలం తగ్గింది. నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఎవరో "నీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది" అంటేగానీ తెలియలేదంటే, పోయింది స్పర్శ. పైసా ఖర్చు లేని ఈ ప్రశ్న చెప్పే సంగతి, వేలు పోసి తీయించిన నడుము ఎమ్మారై చాలాసార్లు చెప్పదు.

మన ఊళ్ళలో కాళ్ళ జబ్బుకి జరిగే తంతు ఇలా ఉంటుంది. యాభై అయిదేళ్ళ మనిషి. ఆరు నెలలుగా కాళ్ళు బరువు, నడుస్తుంటే బిగుసుకుపోతున్నాయి, మెట్లు దిగాలంటే భయం. మొదట "నరాల బలహీనత" అని బీకాంప్లెక్స్ సూదులు పది. తగ్గకపోతే నడుము ఎమ్మారై. అందులో "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అని వస్తుంది, అంటే నడుములో నాలుగో, అయిదో పూసల మధ్య ఉండే మెత్తటి దిండు ఉబ్బిందని. రాకుండా ఎలా ఉంటుంది? ఏ నొప్పీ లేని యాభై ఏళ్ళవాళ్ళని వరసగా స్కాన్ చేసినా దాదాపు 60 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనబడుతుంది. వయసుకి జుట్టు నెరిసినట్టే అదీను. కానీ కాగితం మీద ఒక మాట దొరికింది కదా, ఇక బెల్టు, ట్రాక్షను, ఒక్కోసారి ఆపరేషను కూడా. అసలు జబ్బు మెడలోనో వీపులోనో నింపాదిగా తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

ఇది ఎందుకు తప్పో తెలియాలంటే వెన్నుపాము ఎక్కడ ఆగుతుందో తెలియాలి. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక ఎముకల గొట్టం, వెన్నుపాము దాని లోపలి తీగ. పెద్దవాళ్ళలో ఇది సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవేలంత లావు. పుర్రె అడుగున మొదలై, నడుములో మొదటి రెండు పూసల దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి ఉన్నవి గుర్రపు తోకలా వేలాడే నరాల పోచలు. అంటే ఎల్4-ఎల్5 దగ్గర వెన్నుపామే లేదు. అక్కడ డిస్క్ ఎంత ఉబ్బినా నొక్కేది పోచల్నే. పోచ నలిగితే కాలు వాలిపోతుంది, మెత్తబడుతుంది, పిక్కలోకి నొప్పి లాగుతుంది. వెన్నుపాము నలిగితే కాలు బిగుస్తుంది, మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగిరిపడుతుంది, అరికాలు గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోడానికి బదులు పైకి లేస్తుంది. ఈ చివరి గుర్తు పట్టింది ఫ్రెంచ్ నరాల డాక్టరు బాబిన్‌స్కీ, 1896లో. సుత్తీ తాళంచెవీ ఉంటే చాలు, పరీక్షకి అయిదు నిమిషాలు పట్టదు.

కాబట్టి బిగుసుకున్న కాళ్ళకి నడుము స్కాన్ తీయడం అంటే, ఊరంతా కరెంటు పోతే ఒక ఇంట్లో బల్బు విప్పి చూడటం. సామాన్యంగా నడుము స్కాన్‌లో వెన్నుపాము కొస మాత్రమే పడుతుంది, పైన ఉన్నదంతా బయటే ఉండిపోతుంది. చీటీ మీద "హోల్ స్పైన్ స్క్రీనింగ్" (వెన్నంతా చూడటం) అని ఉందా లేదా అని రోగి తాలూకు వాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. ఒక మినహాయింపు చెప్పాలి. ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలినప్పుడు మొదటి రోజుల్లో, ఒక్కోసారి వారాలపాటు, వెన్నుపాము జబ్బులోనూ కాళ్ళు మెత్తగానే ఉంటాయి. దాన్ని స్పైనల్ షాక్ అంటారు. బిగువు తరవాత వస్తుంది.

ఏ ఎత్తులో జబ్బు ఉందో ఒంటి మీదే రాసి ఉంటుంది. చనుమొనల దగ్గరి చర్మం ఛాతీ భాగంలో నాలుగో నరానిది, బొడ్డు దగ్గరిది పదో నరానిది. దూది ముక్కతో కాలినుంచి పైకి రాసుకుంటూ వస్తే, "ఇక్కణ్ణుంచి బాగా తెలుస్తోంది" అని రోగే గీత గీసి చూపిస్తాడు. కొందరు తమంతట తామే "పొట్టచుట్టూ తాడేసి బిగించినట్టుంది" అంటారు. గ్యాస్ అని యాంటాసిడ్ రాసేది ఈ మాటకే! చేతుల్లో కూడా తేడా ఉంటే జబ్బు మెడలో ఉన్నట్టు: చొక్కా గుండీ పట్టదు, అన్నంలో పప్పు కలిపి ముద్ద చేస్తుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, ఆడవాళ్ళకి పూలు కట్టడం రాదు. గుప్పిట మూసి తెరవడం పది సెకన్లలో 20 సార్లయినా చేయగలగాలి. అంతకి బాగా తగ్గితే మెడ వైపు చూడాల్సిందే.

ఇంకో ప్రశ్న: పొద్దున్నే సింకు దగ్గర ముఖానికి నీళ్ళు కొట్టుకుంటూ కళ్ళు మూసుకుంటే ముందుకి తూలుతున్నారా? కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే తీగలు వెన్నుపాము వెనక భాగంలో పైకి వెళ్తాయి. అవి చెడితే ఆ లోటు కళ్ళు పూరిస్తాయి. కళ్ళు మూస్తే దొంగతనం బయటపడుతుంది. చీకట్లో బాత్రూముకి వెళ్తూ పడిపోయే పెద్దవాళ్ళలో కొందరి అసలు జబ్బు ఇదే, "వయసైపోయింది" కాదు.

ఎక్కడ అన్నది తేలాక, ఎంత వేగంగా వచ్చింది అన్నది కారణాన్ని సగం చెప్పేస్తుంది. నిమిషాల్లో వస్తే దెబ్బ, లేదా వెన్నుపాముకి రక్తం అందకపోవడం. గంటలు, రోజుల్లో వస్తే వాపు, చీము. వారాల్లో వస్తే టీబీ, క్యాన్సర్ పాకడం. నెలలు, ఏళ్ళ మీద వస్తే మెడ పూసల అరుగుదల, బి12 లోపం, ఫ్లోరైడు, నెమ్మదిగా పెరిగే గడ్డలు. ఈ లెక్క తప్పే సందర్భాలు లేకపోలేదు. అయినా "నరాల బలహీనత" అనే ఒకే సంచీలో వీటన్నిటినీ కుక్కడం కంటే వెయ్యి రెట్లు నయం. ఆ మాట జబ్బు పేరు కాదు, జబ్బు పేరు తెలియదని చెప్పుకోడానికి మొహమాటం.

బి12 దగ్గర కాస్త ఆగాలి. ఇందులో మనం చేసే తప్పు మరీ చవకబారుది. బి12 తగ్గితే వెన్నుపాములో వెనక తీగలూ పక్క తీగలూ పై పొర ఊడి పాడవుతాయి. మొదట అరికాళ్ళలో తిమ్మిర్లు, తరవాత దూది మీద నడిచినట్టు ఉండటం, ఆపైన బిగువు. శుద్ధ శాకాహారులకి ముప్పు ఎక్కువ, ఎందుకంటే ఈ విటమిన్ మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే ఉంటుంది. పులిసిన ఇడ్లీ పిండిలో వస్తుందన్న నమ్మకం మీద ఆధారపడలేం. మాంసం తినేవాళ్ళకీ రావచ్చు: కడుపు పొర చెడి విటమిన్ ఒంటబట్టకపోవడం, కడుపు ఆపరేషన్లు, షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి ఏళ్ళ తరబడి ఒమెప్రజోల్ జాతి మాత్రలు. షుగరు ఉన్నవాళ్ళకి తిమ్మిర్లొస్తే "షుగరు నరాలు" అని వదిలేస్తారు. చీలమండ దగ్గర సుత్తి దెబ్బకి చలనం లేకుండా, మోకాలి దగ్గర మాత్రం కాలు ఎగిరిపడుతుంటే అది ఒట్టి షుగరు పని కాదు.

తప్పు ఎక్కడంటే, రక్తం తీయకముందే సూది వేసేస్తారు. బీకాంప్లెక్స్‌తో నాలుగు రోజులు గడిపి ఆ తరవాత పరీక్ష చేస్తే రక్తంలో అంకె చక్కగా కనిపిస్తుంది. "బి12 బాగానే ఉంది" అని ఆ దారి మూసేసి స్కాన్ల వెంట పడతారు. ముందు రక్తం, ఆ వెంటనే సూది. ఇంత చిన్న వరస. మామూలుగా మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200కీ 300కీ మధ్య ఉంటే, బి12 చాలనప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ గానీ మిథైల్ మలోనిక్ ఆసిడ్ గానీ చూసి తేల్చాలి. హిమోగ్లోబిన్ బాగుందన్నది భరోసా కాదు. రక్తం బాగుండి వెన్నుపాము చెడినవాళ్ళు ఉంటారు. అంతకంటే చెడ్డది, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఒక్కటే మింగితే రక్తహీనత తగ్గి లోపల నరాల జబ్బు ముదురుతుంది. వైద్యం: వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్ వారంపాటు రోజూ, తరవాత నాలుగు వారాలు వారానికొకటి, ఆపైన నెలకొకటి. వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఇదొకటి. నెలల్లోపు పట్టుకుంటే నడక చాలావరకు తిరిగొస్తుంది. ఏళ్ళు గడిస్తే ఉన్నది నిలబెట్టుకోవడమే. ఇంజెక్షన్లు పడుతున్నా మనిషి దిగజారుతుంటే రాగి లోపం చూడాలి, అచ్చం ఇలాగే ఉంటుంది. జింకు మాత్రలు అతిగా మింగినా రాగి తగ్గిపోతుంది.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళకి ఒక పక్క మాట. బెలూన్లలో పట్టి పీల్చే లాఫింగ్ గ్యాస్, అంటే నైట్రస్ ఆక్సైడ్, ఒంట్లో ఉన్న బి12ని పనికిరాకుండా చేస్తుంది. అసలే శాకాహారం, దానికి తోడు పార్టీలో ఈ గ్యాసు అంటే వారాల్లో కాళ్ళు పడిపోవచ్చు. బ్రిటన్‌లో 2023 నవంబరు నుంచి మత్తుకోసం దీన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం.

ఇక మన నేల జబ్బు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు చెడే జబ్బు ఎముకల ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని వైద్య లోకానికి మొదట వివరంగా చెప్పింది 1937లో, షార్ట్ అనే వైద్య పరిశోధకుడూ ఆయన తోటివాళ్ళూ. వాళ్ళు చూసింది మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట పల్లెలవాళ్ళని. నల్గొండ పేరు ఆ తరవాత దేశమంతా మోగింది. గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడు భూగర్భ జలాల్లోకి దిగుతుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్ళలో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. అంతకు చాలా ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముక అతిగా పెరుగుతుంది, ఎముకల్ని ఒకదానికొకటి కట్టి ఉంచే లిగమెంట్లు సున్నంబట్టి రాయవుతాయి. వెన్నెముక గొట్టం లోపలి వైపు ఉన్న లిగమెంట్లు కూడా అంతే. బయట గోడ దళసరి అవుతుంటే లోపలి గది ఇరుకవుతుంది, వెన్నుపాము మెడలోనూ వీపులోనూ నలుగుతుంది. మెడ తిప్పలేకపోవడం, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూడటం, కింద కూర్చోలేకపోవడం ముందొస్తాయి. కాళ్ళు బిగవడం ఆ తరవాతి సంగతి. దీన్ని పట్టడానికి నేను ఎమ్మారై కంటే ముందు ముంజేతి ఎక్స్‌రే అడుగుతాను. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు. ఫ్లోరోసిస్‌లో అది సున్నంబట్టి ముళ్ళ కంచెలా తెల్లగా కనబడుతుంది. చవక, స్పష్టం.

నల్గొండ పేరుతోనే నీళ్ళు శుద్ధిచేసే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తెట్టు అడుక్కి చేరాక పై తేట తీసుకోవడం. వినడానికి సులువు. కానీ పటిక ఎంత వేయాలన్నది నీళ్ళలోని ఫ్లోరైడునీ క్షారాన్నీ బట్టి మారుతుంది. కొలత తప్పితే ఫ్లోరైడు మిగులుతుంది, లేదా అల్యూమినియం మిగులుతుంది. అడుగు మడ్డి ఎక్కడ పారబోయాలో ఎవరికీ తెలియదు. రోజూ కొలిచే మనిషి లేని ఊళ్ళో ఇలాంటి యంత్రం ఆరు నెలల్లో మూలపడుతుంది. నా మటుకు నాకు అసలు మందు నది నీళ్ళే. 2016లో మొదలైన మిషన్ భగీరథ లాంటి పథకాల విలువ రాజకీయాల సంగతి ఎలా ఉన్నా ఈ ఎముకల్లో కనబడాలి. అయితే రెండు సంగతులు మరవకూడదు. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడు పోదు, చిక్కబడుతుంది. కొళాయి నీళ్ళు వచ్చినంత మాత్రాన పాతికేళ్ళు బోరునీళ్ళు తాగిన ఎముకలు వెనక్కి రావు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఇవాళ కాళ్ళు బిగిసే అరవై ఏళ్ళ మనిషిని "ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నావు" అని అడిగి ఊరుకుంటే జబ్బు దొరకదు. "పెళ్ళయిన కొత్తలో ఏ నీళ్ళు తాగేవాళ్ళు" అని అడగాలి. గొట్టాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది. ఎముక రాయిలా ఉండటంతో సర్జనుకి కష్టం, రోగికి వచ్చే మేలూ అంతంతమాత్రం. ముదరకముందు చేయించుకుంటే జబ్బు పాకడం ఆగుతుంది.

ఫ్లోరైడు లేని ఊళ్ళలో అదే పని వయసు చేస్తుంది. యాభై దాటినవాళ్ళలో వెన్నుపాము నలగడానికి అన్నిటికంటే సామాన్య కారణం మెడ పూసల అరుగుదల. మెడలో గొట్టం వెడల్పు మామూలుగా 17 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 13 లోపైతే ఇరుకు, 10 లోపైతే బాగా ఇరుకు. నొప్పి లేకుండానే నలుగుతుంది, మోసమంతా అక్కడే. మెడ వంచితే వెన్నులోంచి కాళ్ళలోకి కరెంటు కొట్టినట్టుంటే అది గట్టి సూచన. ఆపరేషన్ పోయినదాన్ని తెస్తుందని చెప్పలేం, పోబోయేదాన్ని ఆపుతుంది. కాబట్టి "నడవలేని స్థితి వచ్చాక చూద్దాం" అనేది సలహా కాదు. ఇక కటింగు షాపులో తలను పట్టుకుని అటొకసారి ఇటొకసారి "టక్" మనిపించే మర్దనా ఉంది చూశారూ, ఇరుకు మెడ ఉన్నవాళ్ళకి అది చేటు. మెడ ధమని చిరిగి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. హాయిగా ఉంటుంది నిజమే, తలకి నూనె రాయించుకుని లేచి వచ్చేయండి.

టీబీ సంగతి మనవాళ్ళకి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోయింది. 1779లో ఇంగ్లీషు సర్జన్ పెర్సివల్ పాట్ రాసిన వెన్ను టీబీ మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ రోజువారీ జబ్బే. దగ్గు ఉండాలని లేదు. వీపు మధ్యలో ఒకే చోట నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గదు, సాయంత్రం ఒళ్ళు వెచ్చన, బరువు తగ్గుదల. ఆనుకుని ఉన్న రెండు పూసలూ మధ్య డిస్కూ కలిసి కరుగుతాయి. వేడి, ఎరుపు లేని చీము చేరుతుంది. పూస ముందువైపు కూలి వీపు మీద గూను లేస్తుంది. సూదితో ముక్క తీసి టీబీ అని రుజువు చేసుకుని మందులు మొదలుపెట్టాలి, సాధ్యమైనంతవరకు. మొదట రెండు నెలలు నాలుగు మందులు, మొత్తం దాదాపు ఏడాది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితం. మూడో నెలకి నొప్పి పోయిందని మానేసేవాళ్ళే మళ్ళీ మంచం మీద వస్తారు. కాళ్ళు పడిపోయినా సమయానికి మందులు, అవసరమైతే ఆపరేషన్ అందితే లేచి నడిచేవాళ్ళు చాలామంది. వెన్నుపాము జబ్బుల్లో ఇంత ఆశ ఉన్నవి తక్కువ.

రోజుల్లో వచ్చే వాటిలో తరచు వినబడేది ట్రాన్స్‌వర్స్ మైలైటిస్, వెన్నుపాము వాపు. అది కూడా పూర్తి పేరు కాదు, ఎందుకు వాచిందో తేలాలి. వాపు మూడు పూసల పొడవు దాటితే, అంతకుముందు కన్ను మసకబారినా, కారణం లేకుండా రోజుల తరబడి ఎక్కిళ్ళు వాంతులు పట్టుకున్నా, 2004లో కనుక్కున్న ఎన్ఎమ్ఓ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. ఎన్ఎమ్ఓ అంటే కంటి నరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే జబ్బు. దానికి, చూడటానికి అలాగే ఉండే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే ఇంకో నరాల జబ్బు మందులు కొన్ని ఇస్తే జబ్బు ఇంకా రేగుతుంది.

స్టిరాయిడ్ల మీద నాకున్న కోపం ఇక్కడే. వాపుకి గ్రాము చొప్పున మూడు నుంచి అయిదు రోజులు ఎక్కించే మిథైల్‌ప్రెడ్నిసలోన్ ప్రాణదాత. అదే మందు వెన్నుపాము పొరమీద చీము ఉన్నవాడికి, టీబీ తేలనివాడికి ఇస్తే జబ్బుకి తలుపు తీసినట్టే. షుగరు, జ్వరం, వెన్ను నొప్పి, కాళ్ళ బలహీనత నాలుగూ కలిస్తే చీమని అనుకుని ఆ రాత్రే స్కాన్ తీయించాలి, పొద్దుటిదాకా ఆగకూడదు. యాభై దాటిన మగవాళ్ళలో కొంతదూరం నడిస్తే కాళ్ళు చచ్చుబడి, కూర్చుంటే తేరుకునే జబ్బొకటుంది. వెన్నుపాము పొరలో ధమని సిరలో కలిసిపోవడం. దానికి స్టిరాయిడ్ ఇస్తే గంటల్లో దిగజారినవాళ్ళున్నారు. ఆ ముడి మూసేస్తే జబ్బు ఆగుతుంది.

కేసరి పప్పు, హెచ్ఐవీ, సిఫిలిస్ ఇవన్నీ కూడా వెన్నుపాము చెడే కారణాల పట్టికలో ఉన్నాయి. గడ్డల గురించి ఒక్క మాట: వెన్నుపాము బయట పెరిగే మెనింజియోమా లాంటివి చాలావరకు క్యాన్సర్ కావు. తీసేస్తే కుర్చీలో వచ్చిన మనిషి నడిచి వెళ్ళవచ్చు. నడుము స్కాన్‌తో ఏడాది పోగొట్టుకోకపోతే!

దెబ్బల విషయానికొస్తే, తెలంగాణలో తాటిచెట్టు గుర్తొస్తుంది. మోకు జారితే పడేది ఎంత ఎత్తునుంచో గీత కార్మికులకి చెప్పక్కర్లేదు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్ళ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడ్డాక మొదటి పది నిమిషాల్లో మనం చేసే చెడు కొంత ఉంది. చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెడతాం, నీళ్ళు తాగిస్తాం, ఇద్దరం రెక్కలూ కాళ్ళూ పట్టి ఆటోలో కుక్కుతాం. విరిగిన పూస అంచు వెన్నుపాములో దిగేది అప్పుడే. కావలసింది నలుగురు: ఒకరు తల దగ్గర కూర్చుని తలనీ మెడనీ ఒంటి వరసలో పట్టుకోవాలి, లెక్క చెప్పేది ఆయనే. మిగతా ముగ్గురూ ఒకే పక్కన చేరి భుజం, నడుము, కాళ్ళు పట్టి దుంగని దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పాలి. కిందికి తలుపు చెక్కో బల్లో జరపాలి. కుంగిపోయే నులక మంచం పనికిరాదు. మెడకి రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్ళు. 108 వచ్చేదాకా కదపకపోతే ఇంకా మేలు.

అన్నిటికంటే ఆలస్యంగా బయటికొచ్చేది మూత్రం సంగతి. సిగ్గు. గదిలో కోడలు ఉంటే మామగారు చెప్పరు. బాత్రూముకి వెళ్ళేదాకా ఆపుకోలేకపోవడం, వెళ్ళినా ధార మొదలవకపోవడం, చుక్కలుగా కారడం, మలబద్ధకం, ఇవి కాళ్ళతోపాటు మొదలైతే వెన్నుపామో దాని కింది పోచలో నలుగుతున్నట్టే, ఒక్క రోజు కూడా ఆగకూడదు. కాళ్ళు పడిపోయి మంచాన ఉన్నవాళ్ళని ఇంట్లో ముంచేది కాళ్ళు కాదు, ఒత్తిడి పుళ్ళూ మూత్రపు ఇన్ఫెక్షన్లూ. పక్కమీద రెండు గంటలకోసారి తిప్పాలి, రాత్రి కూడా. ట్యూబు శాశ్వతంగా ఉంచడం కంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా చేతులు కడుక్కుని సన్నటి గొట్టంతో తీయడం నేర్చుకుంటే మంచిది. ఒక్కో విడతకి 500 మిల్లీలీటర్లు దాటుతుంటే ఎడం తగ్గించాలి. ఛాతీ భాగంలో ఆరో నరం దగ్గర గానీ, దానికి పైన గానీ వెన్నుపాముకి దెబ్బ తగిలినవాళ్ళకి హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పడితే, బీపీ విపరీతంగా లేచిందన్నమాట. వెంటనే లేపి కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, తలనొప్పి మాత్ర వెతక్కముందు దుప్పటి తీసి యూరిన్ ట్యూబు ఎక్కడ మడతపడిందో చూడాలి. మడత తీసినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.